ఒట్టు తీసి గట్టున పెట్టవలసిన వేళ

పిల్లల ఆరోగ్యం గురించి రాసేటప్పుడు టీకాలకు, పోషకాహారానికి, నిద్రకు, కంటిచూపుకు ఇచ్చే చోటును వాళ్ళు మనసులో దాచుకొన్న మాటలకు మనం సాధారణంగా ఇవ్వము. ఈసారి ఆ మాటల గురించి, అందులోనూ ఒక ప్రత్యేకమైన రహస్యం గురించి రాయదలచుకొన్నాను. ఆ రహస్యం పిల్లల సొంతం కాదు, స్నేహితుడిదో స్నేహితురాలిదో. వాళ్ళ నాన్న రోజూ తాగి వస్తాడనో, అమ్మానాన్నలు విడిపోబోతున్నారనో, అప్పులవాళ్ళు ఇంటి మీదికి వస్తున్నారనో, ఎవరో కొడుతున్నారనో ఒక పిల్ల మరొక పిల్ల చెవిలో చెబుతుంది. చెప్పి, "ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అంటుంది. విన్న పిల్ల ఒట్టు వేస్తుంది. ఆ క్షణం నుంచి ఒక ఇంటి కష్టాన్ని రెండిళ్ళ పిల్లలు మోస్తుంటారు. రెండో ఇంటి పెద్దలకు మాత్రం ఆ సంగతి తెలియదు.

మీ పిల్లలకు ఎనిమిదేళ్ళు దాటి ఉంటే, ఇటువంటి రహస్యం ఏదో ఒకటి ఇప్పటికే మీ గడప దాటి లోపలికి వచ్చి ఉండవచ్చు. లేదా రేపో మాపో రావచ్చు. అది వచ్చినప్పుడు మీరేమి చేస్తారన్నదాని మీద ఇద్దరు పిల్లల క్షేమం ఆధారపడి ఉంటుంది. అందుకే ముందుగానే ఆలోచించి పెట్టుకోవడం మంచిది.

కడుపునొప్పి రూపంలో వచ్చిన మాట

1958లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో పనిచేసిన పిల్లల వైద్యుడు జాన్ ఆప్లీ, తన సహచరురాలు నోరా నైష్‌తో కలిసి వెయ్యిమంది బడిపిల్లలను పరిశీలించి ఒక వ్యాసం ప్రచురించారు. మూడు నెలలకు తగ్గని కాలంలో కనీసం మూడుసార్లు, రోజువారీ పనులకు అడ్డు తగిలేంతగా కడుపునొప్పి వచ్చేవారు ఆ పిల్లల్లో సుమారు పదిమందికి ఒకరున్నారు. వారిలో అత్యధికులకు శరీరంలో ఏ వ్యాధీ కనబడలేదు. మా తరం వైద్యులందరం ఆ వ్యాసం సారాన్ని చదువుకొనే పిల్లల వార్డుల్లోకి అడుగుపెట్టాము. వ్యాధి కనబడలేదు కనుక నొప్పి అబద్ధమని కాదు. మెదడుకూ పేగులకూ మధ్య నాడుల ద్వారా ఎడతెగని సంభాషణ నడుస్తూనే ఉంటుంది. మనసు బిగుసుకొన్నప్పుడు పేగులూ బిగుసుకొంటాయి. ఆ నొప్పి నిజమైన నొప్పే.

నేను కోస్తాలోని ఒక చిన్న పట్టణంలో ప్రాక్టీసు చేస్తున్న రోజుల్లో, ఆరో తరగతి చదువుతున్న ఒక అమ్మాయిని వాళ్ళ అమ్మ తీసుకువచ్చింది. గుర్తు తెలియకుండా ఉండటానికి వివరాలు కొన్ని మార్చి రాస్తున్నాను. మూడు నెలలుగా బొడ్డు చుట్టూ నొప్పి. నులిపురుగుల మందు అప్పటికే రెండుసార్లు వేశారు. రక్తం, మూత్రం, మలం పరీక్షలు, స్కానింగ్ అన్నీ సవ్యంగానే ఉన్నాయి. కాని బరువు రెండు కిలోలు తగ్గింది. ఎదిగే పిల్ల బరువు తగ్గడం ఉపేక్షించదగిన లక్షణం కాదు. ఇంకా ఏ పరీక్షలు చేయించాలా అని నేను ఆలోచిస్తుండగా ఆ తల్లి ఒక మాట అన్నది: "క్యారేజీలో మెతుకు మిగలకుండా ఖాళీ చేసి తెస్తోందండీ. అయినా ఒళ్ళు ఎందుకు పట్టడం లేదో!"

తల్లిని కాసేపు బయట బెంచీ మీద కూర్చోమని, నర్సును గదిలోనే ఉంచి, ఆ అమ్మాయితో బడి గురించి, టీచర్ల గురించి మాట్లాడుతూ, మధ్యాహ్నం అన్నం ఎవరితో కలిసి తింటావని అడిగాను. ఆమె చాలాసేపు గోళ్ళు చూసుకొంటూ కూర్చుంది. తరవాత, "డాక్టరుగారూ, అమ్మ మీద ఒట్టు వేసి తప్పితే అమ్మకు ఏమవుతుంది?" అని అడిగింది.

"ఏమీ కాదమ్మా. ఇన్నేళ్ళుగా ఇంతమంది రోగులను చూశాను. ఒట్టు తప్పినందుకు జబ్బుపడిన మనిషిని ఒక్కరినీ చూడలేదు" అన్నాను. అప్పుడు చెప్పింది. తన బెంచీలో కూర్చునే స్నేహితురాలి తండ్రి తాగి వచ్చి తల్లిని కొడుతున్నాడు. తల్లి చంటిపిల్లవాడిని తీసుకొని పుట్టింటికి వెళ్ళి నెల దాటింది. ఆ అమ్మాయిని బడి మానిపించడం ఇష్టంలేక ఇక్కడే వదిలి వెళ్ళింది. ఇంట్లో పొద్దున పొయ్యి వెలగదు. రాత్రి తండ్రి వచ్చే అలికిడి వినగానే ఆ పిల్ల పక్కింటి అరుగు మీదికి వెళ్ళి పడుకొంటుంది. అందుకని ఈ అమ్మాయి తన క్యారేజీలో సగానికి పైగా ఆమెకు పెడుతోంది. "మీ అమ్మకు చెప్పావంటే మా నాన్నకు తెలిసిపోతుంది. నన్ను చంపేస్తాడు" అని స్నేహితురాలు అన్నది; అని, అమ్మ మీద ఒట్టు వేయించుకొన్నది.

పదకొండేళ్ళ పిల్ల ఎంత చిక్కులో పడిందో చూడండి. మాట బయటపెడితే తన తల్లికి ఏదో అవుతుంది, స్నేహితురాలిని ఆమె తండ్రి చంపేస్తాడు. పెట్టకపోతే స్నేహితురాలు ఆకలితో, భయంతో అరుగు మీద పడుకొంటుంది. ఏ వైపు తిరిగినా తప్పు తనదే అవుతుంది. ఇంత బరువు మోస్తున్న కడుపు నొప్పి పెట్టకుండా ఎలా ఉంటుంది?

"అమ్మకు నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?" అని అడిగాను. "మీరు చెప్పండి, నేను ఇక్కడే ఉంటాను" అన్నది. తల్లిని పిలిచి చెప్పాను. ఆమె పెద్దగా చదువుకొన్న మనిషి కాదు. విన్నదంతా విని, కూతురి చేయి తీసుకొని తన నెత్తి మీద పెట్టుకొని, "నా మీద వేసిన ఒట్టే కదే, నేనే తీసేస్తున్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టేశాను. ఇంక దాంతో నీకు పనిలేదు" అన్నది. పిల్లల మనస్తత్వం గురించి నేను చదివిన పుస్తకాల్లో ఇంతకంటె మంచి చికిత్స నాకు కనబడలేదు.

ఆ తరవాత జరిగినది కథల్లోలాగా చక్కగా ముగియలేదు. ఆ తల్లి నేరుగా ఆ తండ్రి దగ్గరకు వెళ్ళలేదు. క్లాసు టీచరును కలిసింది. టీచరు ద్వారా అమ్మాయి అమ్మమ్మకు కబురు వెళ్ళింది. వారం తిరగకుండా అమ్మమ్మ, మేనమామ వచ్చి ఆ పిల్లను తమ ఊరికి తీసుకువెళ్ళి అక్కడి బడిలో చేర్పించారు. వెళ్ళేముందు ఆ పిల్ల తన స్నేహితురాలితో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. నా దగ్గరకు వచ్చిన అమ్మాయికి బరువు త్వరగానే పెరిగింది, కడుపునొప్పి మాత్రం మెల్లమెల్లగా తగ్గింది. "నేను చేసింది తప్పా?" అని ఆమె తల్లిని చాలా రోజులు అడిగేదట. "ఆ పిల్ల ఇప్పుడు రాత్రిళ్ళు ఇంట్లో పడుకొంటోంది కదమ్మా" అని తల్లి ప్రతిసారీ అదే జవాబు చెప్పేదట. మేలు చేసిన పిల్లకు స్నేహం దూరమైంది. ఈ మూల్యాన్ని మనం పిల్లల ముందు దాచకూడదు. కాని ఆ మూల్యానికి ఏమి దక్కిందో కూడా వాళ్ళకు చెప్పాలి.

పిల్లలకు రహస్యం ఎందుకంత బరువు?

పెద్దవాళ్ళకు ఒట్టు ఒక మాట మాత్రమే. చిన్నపిల్లలకు అది జరిగి తీరే సంగతి. స్విట్జర్లండుకు చెందిన జాన్ పియాజే పిల్లల నైతిక భావనల మీద 1932లో ప్రచురించిన గ్రంథంలో, చిన్న వయసులో పిల్లలు నియమాలను మార్చరానివిగా భావిస్తారనీ, తప్పు చేస్తే శిక్ష దానంతటదే వచ్చి పడుతుందని నమ్ముతారనీ వివరించాడు. పదీ పదకొండేళ్ళకు ఈ నమ్మకం సడలుతుంది. కాని భయం పుట్టినప్పుడు మళ్ళీ తలెత్తుతుంది. సరిగ్గా ఆ వయసులోనే ప్రాణస్నేహాలు ఏర్పడతాయి. స్నేహితురాలికి ఇచ్చిన మాట తప్పడమంటే స్నేహాన్నే తెంచుకోవడమని వాళ్ళకు అనిపిస్తుంది.

అమెరికాలో అమాండా రోజ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2002లో ఒక ముఖ్యమైన సంగతిని వెలుగులోకి తెచ్చారు. స్నేహితులు ఇద్దరూ కలిసి ఒకే కష్టాన్ని పదే పదే తవ్వుకొంటూ, దాని గురించే మాట్లాడుకొంటూ ఉండటం వల్ల స్నేహం గాఢమవుతుంది. దానితోపాటు దిగులూ ఆందోళనా పెరుగుతాయి. 2007లో ఆమె తన సహచరులతో ప్రచురించిన తరవాతి పరిశోధనలో, కొన్ని నెలలపాటు పిల్లలను గమనించినప్పుడు, స్నేహం బలపడటం ఆడపిల్లల్లోనూ మగపిల్లల్లోనూ కనబడింది గాని, దిగులు పెరగడం ఆడపిల్లల్లోనే కనబడింది. మీ అమ్మాయి గంటల తరబడి స్నేహితురాలిని ఓదారుస్తూ ఉంటే, అది ఆమె మంచి మనసుకు గుర్తే. ఆ ఓదార్పు ఆమె ఆరోగ్యాన్ని తినేయకుండా చూడటం మాత్రం మన బాధ్యత.

మైకేల్ స్లెపియన్, ఆయన సహచరులు 2017లో ప్రచురించిన పరిశోధన పెద్దవాళ్ళ మీద చేసినదే అయినా ఇక్కడ పనికివస్తుంది. రహస్యాన్ని ఇతరుల ఎదుట దాచవలసి రావడం కంటె, ఒంటరిగా ఉన్నప్పుడు మనసు మాటిమాటికి దాని దగ్గరకే వెళ్ళడం ఎక్కువ హాని చేస్తుందని అందులో తేలింది. పుస్తకం ముందు కూర్చుని పేజీ తిప్పకుండా ఉండిపోయే పిల్ల ఎక్కడ ఉన్నదో దీనివల్ల కొంత అర్థమవుతుంది.

ఇటువంటి బరువు మోస్తున్న పిల్లల్లో మీకు కనబడే గుర్తులు కొన్నే. కారణం తెలియని కడుపునొప్పి, తలనొప్పి, ఆలస్యంగా పట్టే నిద్ర, ఉన్నట్టుండి చిరాకు, క్యారేజీ, చిల్లర డబ్బు, పాత బట్టలు ఎవరికో ఇచ్చేయడం, రాత్రి పొద్దుపోయేదాకా ఫోన్‌లో సందేశాలు. అన్నిటికంటె నమ్మదగిన గుర్తు ఊహా ప్రశ్న. "అమ్మా, ఎవరైనా వాళ్ళ పిల్లల్ని కొడితే పోలీసులు పట్టుకెళ్తారా?" అని మీ పిల్ల అడిగితే, "ఇప్పుడదంతా ఎందుకు, చదువుకో" అనకండి. ఆ 'ఎవరైనా'కు ఒక పేరు ఉండి ఉంటుంది.

ఒక వైద్యుడిగా ఇక్కడ ఒక హెచ్చరిక. కడుపునొప్పితో పాటు బరువు తగ్గడం, వాంతులు, మలంలో రక్తం, జ్వరం, నిద్రలోంచి లేపే నొప్పి, బొడ్డుకు దూరంగా ఒకేచోట ఉండే నొప్పి ఉంటే ముందు వైద్యుడికి చూపించండి. మనసు సంగతి ఆ తరవాత.

మూడు గంపలు

పిల్లలకు "రహస్యాలు దాచవద్దు" అని చెప్పడం తప్పు, "ఇచ్చిన మాట తప్పవద్దు" అని మాత్రమే చెప్పడం కూడా తప్పు. రహస్యాలను వేరుచేయడం నేర్పాలి. నేను తల్లిదండ్రులకు మూడు గంపల లెక్క చెబుతుంటాను.

మొదటి గంపలో సంతోషపు రహస్యాలు. అమ్మ పుట్టినరోజుకు ఏమి కొన్నామన్నది. దీనికి గడువు ఉంటుంది, చివరికి అందరూ నవ్వుతారు. నిశ్చింతగా దాచవచ్చు.

రెండో గంపలో స్నేహితుల సొంత విషయాలు. వాళ్ళ నాన్న ఉద్యోగం పోయింది, అమ్మానాన్నలు విడాకులకు వెళ్ళారు, అక్క పెళ్ళి ఆగిపోయింది, తాతగారికి మతి తప్పుతోంది. ఇందులో ప్రమాదం లేదు, బాధ ఉంది. ఈ మాటలు బడి ఆటోలోనూ అపార్టుమెంటు మెట్ల మీదా పడకూడదు. ఆ పిల్లవాడి పరువు మన పిల్లవాడి నోట్లో ఉన్నది. కాని మనసుకు భారంగా ఉంటే, సలహా కోసం, తన అమ్మకో నాన్నకో ఒక్కరికి చెప్పుకోవచ్చు. అది చాడీ కాదు. విన్న పెద్దవాళ్ళు దాన్ని అక్కడే ఆపేయాలి.

మూడో గంపలో ప్రమాదపు రహస్యాలు. ఎవరో కొడుతున్నారు, తాకకూడని చోట తాకుతున్నారు, ఇంట్లో తిండి లేదు, తాగినవాడితో పిల్లలు ఒంటరిగా ఉంటున్నారు, ఇంట్లోంచి పారిపోతానంటున్నారు, చచ్చిపోవాలని ఉందంటున్నారు. ఈ గంపలోది ఏదైనా ఒట్టుకు లోబడదు. వెంటనే నమ్మకమైన పెద్దవాళ్ళకు చెప్పాలి. ఒకరు పట్టించుకోకపోతే ఇంకొకరికి చెప్పాలి.

ఏది ఏ గంపలోదో తెలియనప్పుడు పిల్లలు తమను తాము ఒక ప్రశ్న వేసుకోవచ్చు: "ఈ మాట ఎవరికీ తెలియకపోతే ఎవరికైనా దెబ్బ తగులుతుందా?" తగులుతుందన్నా, ఏమో తెలియదన్నా అది మూడో గంపే.

మా వృత్తిలోనూ ఇంతే. రోగి చెప్పిన రహస్యం కాపాడటం వైద్యుడి ధర్మం. అయినా, 2002 నాటి భారత వైద్య మండలి నియమావళి, న్యాయస్థానం ఆదేశించినప్పుడు, ఒక వ్యక్తికో సమాజానికో తీవ్రమైన ముప్పు స్పష్టంగా ఉన్నప్పుడు, ప్రభుత్వానికి తెలియజేయవలసిన అంటువ్యాధుల విషయంలో రహస్యాన్ని వెల్లడించడానికి మినహాయింపునిచ్చింది. ఏళ్ళ తరబడి చదువుకొన్న వైద్యుడికే ఈ వెసులుబాటు ఉంటే, పదేళ్ళ పిల్లకు మనం ఎందుకు ఇవ్వకూడదు?

చెప్పినప్పుడు మీరేమి చేయాలి?

"ఒక మాట చెబుతాను, ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి" అని మీ పిల్లలు మొదలుపెడితే, తొందరపడి ఒట్టు వేయకండి. "నీకు తెలియకుండా ఏమీ చేయనని మాట ఇస్తాను. కాని ఎవరైనా ప్రమాదంలో ఉంటే వాళ్ళను కాపాడగలిగేవాళ్ళకు చెప్పాల్సి వస్తుంది" అనండి. ఈ మాట ముందే అన్నా పిల్లలు సాధారణంగా చెప్పడం ఆపరు. వాళ్ళకు కావలసింది తమ బరువు పట్టుకొనే మరొక చేయి.

చెబుతున్నప్పుడు మధ్యలో అడ్డు తగలకండి. "ఎప్పుడు? ఎక్కడ? ఇంకా ఎవరున్నారు?" అని పోలీసుల్లా ప్రశ్నించవద్దు. "ఆ మనిషిని చూస్తేనే అనుకొన్నాను!" అని తీర్పులూ చెప్పవద్దు. ఆ తండ్రి మీద మీరు మండిపడితే మీ పిల్ల మళ్ళీ నోరు మూసుకొంటుంది. విన్న తరవాత మొదట అనవలసిన మాట ఇది: "నాకు చెప్పి మంచిపని చేశావు. ఇందులో నీ తప్పేమీ లేదు, మీ స్నేహితురాలి తప్పూ లేదు."

ఆపైన ఒట్టు సంగతి చూడండి. అది మీ మీద వేసినదైతే మీరే తీసేయండి. దేవుడి మీద వేసినదైతే, ఒక పిల్లను కాపాడటానికి చెప్పిన మాటకు ఏ దేవుడూ కోపగించుకోడని చెప్పండి. కావాలంటే గుడికి, చర్చికి, మసీదుకు తీసుకువెళ్ళి మొక్కించండి. పెద్దవాళ్ళకు ఇది చాదస్తంగా తోచవచ్చు. ఆ రాత్రి పిల్ల నిద్రపోవడానికి అది అవసరం.

తరవాత మీరేమి చేయబోతున్నారో చెప్పండి. "రేపు మీ టీచరుతో మాట్లాడతాను. నీ పేరు బయటకు రాకుండా చూడమని అడుగుతాను" అంటే పిల్లకు దారి కనబడుతుంది. స్నేహితురాలితో ఏమనాలో కూడా మాటల రూపంలో నేర్పండి: "నువ్వంటే నాకు ఇష్టం కాబట్టే మా అమ్మకు చెప్పాను. నీకు కోపం వస్తే నేను ఓర్చుకొంటాను." ఇంకొక మాట మీ పిల్లకు పదే పదే చెప్పవలసి ఉంటుంది. ఆమె స్నేహితురాలు మాత్రమే. డాక్టరు కాదు, పోలీసు కాదు, అమ్మ కాదు. కలిసి అన్నం తినడం, ఆడుకోవడం, నోట్సు ఇవ్వడం ఆమె పని. మిగిలినది పెద్దలది.

చేయకూడనివి కూడా చెప్పుకోవాలి. ఇంట్లో హింస జరుగుతున్నదని తెలిస్తే ఆ ఇంటికి ఫోన్ చేసి నిలదీయకండి. మీరు ఫోన్ పెట్టేసిన మరుక్షణం ఆ పిల్ల వీపు మీద పడుతుంది. బంధువుల వాట్సాప్ గ్రూపులో "పేరు చెప్పను గాని" అంటూ రాయకండి. చిన్న ఊళ్ళో పేరు చెప్పనక్కరలేదు. "ఆ ఇంటి పిల్లతో తిరగకు" అని స్నేహం తెంచకండి; ఆ పిల్లకు మిగిలిన ఒక్క ఆసరా అదే కావచ్చు. మీ పిల్లను ఆ ఇంటి మీద వేగులవాడిని చేసి రోజూ కబుర్లు అడగకండి.

చనిపోతానన్న మాట వినబడితే మాత్రం ఆలోచిస్తూ కూర్చోవడానికి సమయం లేదు. అర్ధరాత్రి సందేశం వచ్చినా సరే, అప్పుడే ఆ పిల్ల ఇంట్లోని పెద్దవాళ్ళకు ఫోన్ చేయండి. పిల్లను ఒంటరిగా ఉంచవద్దనీ, మందులు, పురుగుమందు, తాళ్ళు అందుబాటులో లేకుండా చూడమనీ చెప్పండి. ఆ ఇంట్లోని పెద్దవాళ్ళే భయానికి కారణమైతే 112కు ఫోన్ చేయండి. ఆత్మహత్య గురించి సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనన్న భయం వద్దు. అడగడం వల్ల ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. చాలామందికి చెప్పుకొనే వీలు చిక్కుతుంది.

చట్టం, సహాయం

పిల్లల మీద లైంగిక నేరాల విషయంలో మౌనం మన ఇష్టానికి వదిలేసినది కాదు. 2012 నాటి పోక్సో చట్టంలోని 19వ సెక్షను ప్రకారం, అటువంటి నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చునన్న అనుమానం ఉన్నా ఎవరైనా సరే పోలీసులకు తెలియజేయాలి. తెలియజేయకపోవడం 21వ సెక్షను కింద ఆరు నెలల వరకు జైలుశిక్ష పడదగిన నేరం. ఈ శిక్ష పిల్లలకు వర్తించదు. మీ అబ్బాయి ఇన్నాళ్ళు దాచినందుకు భయపడుతుంటే ఈ సంగతి చెప్పండి. సదుద్దేశంతో సమాచారం ఇచ్చినవారి మీద సివిలు, క్రిమినలు బాధ్యత ఏదీ ఉండదని కూడా చట్టమే చెబుతున్నది.

ఈ కింది నంబర్లు ఫ్రిజ్ మీద అంటించి ఉంచండి. పిల్లలు ఆపదలో ఉన్నప్పుడు 1098. 1996లో ముంబయిలో మొదలై దేశమంతటా విస్తరించిన ఈ బాలల సహాయవాణి ఇప్పుడు ప్రభుత్వ ఆధ్వర్యంలో నడుస్తున్నది. పిల్లలు కూడా నేరుగా చేయవచ్చు. తక్షణ ప్రమాదానికి 112. గృహహింసకు గురవుతున్న స్త్రీలకు 181. మానసిక వేదనకు, ఆత్మహత్య ఆలోచనలకు 14416. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ఈ టెలిమానస్ సేవలో తెలుగులో మాట్లాడవచ్చు. మద్యం, మాదకద్రవ్యాల వ్యసనానికి 14446. జిల్లా బాలల సంరక్షణ విభాగాన్నీ, బాలల సంక్షేమ సమితినీ కూడా సంప్రదించవచ్చు.

ఇంటిగుట్టు లంకకు చేటు?

ఇంటిగుట్టు లంకకు చేటన్న సామెత వింటూ పెరిగాము మనమంతా. ఇంటి విషయం బయటపెట్టినవాడు విభీషణుడనీ, ఇల్లు కూల్చినవాడనీ దాని భావం. కాని లంకకు చేటు తెచ్చినది గుట్టు బయటపడటమా, లేక ఆ లంకలో జరిగిన అన్యాయమా? విభీషణుడు ముందు అన్నకే చెప్పాడు. వినకపోయిన తరవాతనే గడప దాటాడు.

మన తెలుగు నేల మీదే దీనికి మరొక జవాబు ఉన్నది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాస్యత తరగతులకు వెళ్ళిన స్త్రీలు, సారా వల్ల చితికిపోయిన ఒక ఇల్లాలి కథను తమ పాఠంలో చదివి, ఇది మా కథే కదా అనుకొన్నారు. అంతవరకు ఎవరి ఇంట్లో వారు దాచుకొన్న గుట్టు ఒకటేనని వాళ్ళకు తెలిసింది. ఊళ్ళో సారా దుకాణం మూయించారు. ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో సారా అమ్మకం, 1995లో మొత్తం మద్యం ఆంధ్రప్రదేశ్‌లో నిషేధానికి గురయ్యాయి. మద్య నిషేధం తరవాత సడలింది గాని, ఇంటి లోపలి దెబ్బ ఇంటి విషయం మాత్రమే కాదని ఆ స్త్రీలు చెప్పిన మాట నిలిచింది.

వైద్యశాస్త్రం కూడా అదే చెబుతున్నది. అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా బృందం 1998లో ప్రచురించిన ప్రసిద్ధ అధ్యయనం, బాల్యంలో దెబ్బలు, తల్లిని కొట్టడం చూడటం, ఇంట్లో తాగుబోతులు ఉండటం వంటి అనుభవాలు ఎన్ని ఎక్కువైతే పెద్దయ్యాక గుండెజబ్బు, కుంగుబాటు, వ్యసనాలు అంత ఎక్కువగా కనబడతాయని చూపింది. పొరుగింటి పిల్ల భయాన్ని త్వరగా ఆపడమంటే నలభై ఏళ్ళ తరవాతి జబ్బులను కూడా కొంతవరకు ఆపడమే.

గుట్టు మన ఇంటిదైతే

ఇంతవరకు పక్కింటి కష్టం గురించే మాట్లాడుకొన్నాము. చదువుతున్న మీలో కొందరి ఇంట్లోనే ఆ కష్టం ఉండవచ్చు. మీ అబ్బాయి తన స్నేహితుడికి చెప్పి ఉండవచ్చు, ఆ స్నేహితుడి తల్లి మీతో ఎంతో ఇబ్బందిగా "ఏమైనా సాయం కావాలా వదినా?" అని అడగవచ్చు. ఆ క్షణంలో మీకు తల కొట్టేసినట్టవుతుంది. ఇంటికి వెళ్ళి పిల్లవాడిని చావగొట్టాలనిపిస్తుంది.

ఆగండి. మీ పిల్లవాడు ఇంటి పరువు తీయలేదు. తనకు మోయరాని బరువును దించుకోవడానికి ఒక చోటు వెతుక్కొన్నాడు. తన వయసువాడిని నమ్మాడు. ఆ వయసువాడు తన తల్లిని నమ్మాడు. ఆ తల్లి మీ దగ్గరకు వచ్చింది. ఇంతమంది నమ్మకం మీద నడిచి వచ్చిన మాటను వెనక్కి పంపకండి. ఆమెకు చెప్పగలిగినంత చెప్పండి. పిల్లవాడిని దగ్గర కూర్చోబెట్టుకొని, "చెప్పినందుకు నాకు కోపం లేదు" అనండి. ఆ ఒక్క మాట వినకపోతే అతను ఇంకెప్పుడూ ఎవరికీ చెప్పడు. రేపు తనకే ఆపద వచ్చినా చెప్పడు.

ఈ రాత్రి అన్నాల దగ్గర మూడు గంపల మాట మీ పిల్లలకు చెప్పి చూడండి. "ఎప్పుడైనా మూడో గంపలోది నీ దగ్గరకు వస్తే, ఎంత పొద్దుపోయినా సరే నన్ను లేపు" అనండి. అప్పుడే ఏమీ చెప్పకపోవచ్చు. లేపవచ్చునని తెలిసి ఉంటే చాలు.